బీబీనగర్ పక్కన పల్లె కాలనీగా ఎట్ల మారింది? ఊరి చరిత్ర, భూగోళం రాసేవారికి

బీబీనగర్ మండలంలో ఒక ఊరి బడిలో సాంఘికశాస్త్రం చెప్పే సార్ అడిగింది క్లుప్తంగా ఇది: ఊర్లో ఇప్పుడు పనికి పోయేవాళ్ళలో చాలామంది పొద్దున సికింద్రాబాద్, ఉప్పల్, పోచారం వైపు పోయి పొద్దుగూకినంక వస్తున్నారు. తొమ్మిదో తరగతి పిల్లలతో ఊరి చరిత్ర, భూగోళం రాయించాలని ఉంది. పెద్దమనుషులను అడిగితే ఊరి పేరు కథ, గుడి కథ దాటి మాట ముందుకు పోవడం లేదు. ఏ కాగితాలు చూడాలి, ఏది ముందు?

సార్, పేరు కథను అన్నిటికంటే చివరికి ఉంచండి. అది ఎటూ పోదు, పైగా దాన్ని సరిచూసే దారి దాదాపు ఉండదు. ముందు మూడు కాగితాలు తెచ్చుకోండి: ఊరి నక్షా (సర్వే నంబర్ల హద్దులు చూపే పటం), 1954–55 ఖాస్రా పహాణీ (ఏ నంబరు ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో రాసిన లెక్క), సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు (ఎత్తుపల్లాలు, ఒర్రెలు, చెరువులు చూపే పటం). ఈ మూడూ బల్ల మీద పక్కపక్కన పరిస్తే సగం పని మొదటి వారంలోనే అవుతుంది.

దానికంటే ముందు ఒక అపోహ తీసేయాలి. "రోడ్డు వచ్చింది, రైలు వచ్చింది, ఊరు పెరిగింది" అని రాయడం తేలిక. మీ దారిలో ఆ మాట నిలబడదు. నిజాం కాలపు రైలు 1874లో వాడి నుంచి సికింద్రాబాద్ చేరింది, 1886లో వరంగల్ దాకా, 1889లో బెజవాడ దాకా పోయింది. అంటే ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి మీదుగా రైలు నడవబట్టి నూటముప్పై ఏళ్ళు దాటింది. అందులో మొదటి నూరేళ్ళు ఊరు ఊరుగానే ఉంది. 1980ల్లో నల్గొండ మీదుగా నడికుడి వైపు లైను పడినా మారలేదు. వరంగల్ రోడ్డు 202 నంబరు జాతీయ రహదారి అయిన వెంటనే కూడా కాలనీలు లేవలేదు. ఆ రోడ్డుకు ఇప్పటి నంబరు 163. దారి ఉండటం వేరు, భూమి చేతులు మారడం వేరు. మీరు రాయాల్సింది రెండోదాని గురించి.

అందుకని పిల్లలతో ఒక పెద్ద పట్టిక గీయించండి. ఎడమ వైపు సర్వే నంబర్లు వరసగా, వాటి ఎదురుగా మూడు గళ్ళు: చివరి పంట ఏ ఏడు, ప్లాట్లు ఏ ఏడు పడ్డాయి, మొదటి ఇల్లు ఏ ఏడు లేచింది. ఈ మూడు తేదీల మధ్య దూరమే ఊరి చరిత్ర. కడీలు (ప్లాట్ల హద్దురాళ్ళు) పాతిన ఏడుకూ గృహప్రవేశం ఏడుకూ మధ్య ఒక్కోచోట పదేళ్ళు, ఒక్కోచోట పాతికేళ్ళు ఉంటుంది. ఆ మధ్యకాలంలో భూమి పొలమూ కాదు, ఊరూ కాదు, సర్కారు తుమ్మ. పాత చరిత్రలన్నీ ఈ ఖాళీ కాలాన్నే వదిలేస్తాయి.

ఇక కాగితాలు. ఖాస్రా పహాణీ నకలు తహసీల్దార్ ఆఫీసులో అడగండి. ఇవ్వకుంటే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. మండల స్థాయి ఆఫీసుకు రుసుము 5 రూపాయలు, జిల్లా స్థాయికి 10, పేజీల ఖర్చు వేరు. "ఊరి రికార్డులన్నీ కావాలి" అని రాస్తే తిరిగొస్తుంది. రెవెన్యూ గ్రామం పేరు, సంవత్సరం, రికార్డు పేరు, సర్వే నంబర్ల వరస రాయాలి. జాగీర్లు 1949లో రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. ఆ తర్వాత భూమి ఎవరి పేరున ఉంది, ఎవరి సాగులో ఉంది అని నంబరు నంబరుకూ రాసిన మొదటి లెక్క ఖాస్రా పహాణీ. 1944లో ఆంధ్ర మహాసభ భువనగిరిలో జరిగిన దగ్గర్నుంచి సాయుధ పోరాటం ముగిసేదాకా ఈ తాలూకాలో భూమి కోసం ఎంత కొట్లాట జరిగిందో తెలిసినవాళ్ళకు, పట్టాదారు గడిలో ఒక పేరు, సాగుదారు గడిలో ఇంకో పేరు ఎందుకుంటుందో వేరే చెప్పనక్కర్లేదు. దాని పక్కనే 1955–58 సేసాల (మూడేళ్ళ) పహాణీ కూడా తీసుకోండి. మొదటిదాంట్లో తప్పు పడ్డ పేర్లు చాలావరకు ఇందులో బయటపడతాయి.

ఇంకా వెనక్కి పోవాలంటే సేత్వార్ చూడాలి, అంటే నిజాం కాలపు సర్వేలో నంబరువారీగా రాసిన భూమి రిజిస్టరు. అది జిల్లా సర్వే, భూ రికార్డుల ఆఫీసులో దొరుకుతుంది. ఉర్దూలో ఉంటుంది, చదివేవాళ్ళను ముందే చూసుకోండి. ఏళ్ళు ఫసలీలో ఉంటాయి. 590 కలిపితే ఇంగ్లీషు ఏడు వస్తుంది, 1317 ఫసలీ అంటే 1907–08. భూమి రకాలు మూడు మాటల్లో ఉంటాయి: మెట్ట అయితే ఖుష్కీ, చెరువు నీటితో పారేది తరీ, తోటలు బాగాత్. నక్షా మీద తరీ నంబర్లన్నిటికీ పిల్లలతో పచ్చరంగు వేయించండి. చెరువు తూము నుంచి ఆయకట్టు ఎట్లా పారిందో ఒక్క చూపులో బయటపడుతుంది. పాత టిప్పన్‌లో (ఒక్కో సర్వే నంబరు కొలతల చిత్రం) కొలతలు గొలుసుల్లో, అణాల్లో ఉంటాయి. గొలుసు 33 అడుగులు, 16 అణాలు ఒక గొలుసు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు చదరమే గుంట, 1,089 చదరపు అడుగులు, 121 గజాలు. నలభై గుంటలు ఎకరం, 4,840 గజాలు. ఈ లెక్క పిల్లలకు ముందే నేర్పండి, తర్వాత ప్లాట్ల దగ్గర పనికొస్తుంది.

టోపోషీటు విషయంలో మీ మండలానికి ఒక చిక్కు ఉంది. బీబీనగర్ 56కె/15 షీటులో పై అంచున పడుతుంది, భువనగిరి 56కె/14లోకి పోతుంది. ఒక్కటే తెచ్చుకుంటే మీ చెరువుకు నీళ్ళొచ్చే పైభాగం పక్క షీటులో ఉండిపోవచ్చు. రెండూ తెచ్చి అతికించండి. 1:50,000 స్కేలు కాబట్టి షీటు మీద 2 సెంటీమీటర్లు నేల మీద కిలోమీటరు. కొత్త ముద్రణలు సర్వే ఆఫ్ ఇండియా వెబ్‌సైట్లో ఖాతా తెరిచి దించుకోవచ్చు. పాత ముద్రణల కోసం ఉప్పల్లోని వాళ్ళ ఆఫీసులో అడగాలి. పాతది, కొత్తది రెండూ ఉంటేనే లాభం. పాతదాంట్లో నీలిగీతగా ఉన్న ఒర్రె కొత్తదాంట్లో లేకపోతే అది ఎక్కడికి పోయిందో వెతకాల్సిన పని పిల్లలది.

నీళ్ళ దగ్గర ఎక్కువసేపు ఆగండి, ఎందుకంటే మీ ఊరి భూగోళం అక్కడే ఉంది. మూసీ అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ దాటి, పోచంపల్లి, బీబీనగర్, వలిగొండ మండలాల మీదుగా పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. రైలు, రహదారి రెండూ నదికి ఉత్తరాన ఎత్తు మీద నడుస్తాయి. ఆ ఎత్తు నుంచి ఒర్రెలు కుంటలను, చెరువులను ఒకదాని అలుగుతో ఇంకోదాన్ని నింపుకుంటూ మూసీ వైపు దిగుతాయి. నది పక్క ఊళ్ళు, ఎత్తు మీది ఊళ్ళు ఒకే మండలంలో ఉన్నా రెండు వేరువేరు చరిత్రలు. సిటీ పెరిగినకొద్దీ మూసీలో మురుగునీరు ఏడాది పొడుగునా పారింది. కత్వలు (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టలు), కాలువల కింద వరి ఏడాదికి రెండు పంటలు పండింది, పాడికి గడ్డి పెరిగింది. నీళ్ళు ఎంత చెడ్డవైనా పంట ఆగలేదు కాబట్టి భూమి అమ్మే తొందర అక్కడ తక్కువ. ఎత్తు మీద చల్క (ఎర్ర ఇసుక) నేలలు, కింద గట్టి రాయి. బావులు ఎండి బోర్లు వచ్చాయి, బోర్లు లోతుకు పోయాయి, అప్పు మిగిలింది. రహదారికి దగ్గరున్న ఈ నేలలే ముందుగా ప్లాట్లయి ఉంటాయి. మీ పట్టికలో ఇది నిజమో కాదో సరిచూడండి: తరీ నంబర్లలో, ఖుష్కీ నంబర్లలో ప్లాట్లు పడిన ఏళ్ళను వేరువేరుగా వరసపెడితే తేలిపోతుంది. చెరువు ముందే తెగిపోయిన ఊర్లో మాత్రం తరీ, ఖుష్కీ తేడా చెరిగిపోతుంది.

పూడ్చేసిన ఒర్రె జాడ పట్టడానికి రైలుకట్ట మంచి సాక్షి. కట్ట పోసినప్పుడు నీళ్ళు దాటే ప్రతిచోటా తూమో, చిన్న వంతెనో కట్టారు, ప్రతిదానికీ నంబరు రాసి ఉంటుంది. పాత షీటులో ఒర్రె కట్టను దాటేచోట వంతెన ఉందా చూడండి. ఉంటుంది. కింద నిలబడి ఎగువకు, దిగువకు చూస్తే ఒకవైపు ప్రహరీగోడ, ఇంకోవైపు సీసీ రోడ్డు కనిపిస్తే ఒర్రె దారి ఎక్కడ మూసుకుపోయిందో తెలిసినట్టే. పిల్లలను పట్టాలెక్కనివ్వకండి, అది నేరం కూడా. కింది నుంచి చూస్తే చాలు. ఆ తర్వాత కాలనీవాళ్ళను ఒక్క ప్రశ్న అడగండి: 2020 అక్టోబరు 13 రాత్రి మీ గల్లీలో నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయి? ఆ రోజు ఘట్‌కేసర్ ప్రాంతంలో 30 సెంటీమీటర్లు దాటి వాన పడింది. మోకాలి లోతు చెప్పిన ఇళ్ళను నక్షా మీద చుక్కలు పెడితే చాలావరకు పాత శిఖం (చెరువు నీళ్ళు నిలిచే నేల) మీదో, ఒర్రె మీదో, అలుగు వాలులోనో పడతాయి.

శిఖం అనగానే అంతా సర్కారు భూమి అనుకోవద్దు. శిఖం పట్టాలు ఉంటాయి: నీళ్ళు తగ్గినప్పుడు సాగు చేసుకోవచ్చు, నిండినప్పుడు మునుగుతుంది, కట్టడానికి వీల్లేదు. పదేళ్ళు చెరువు నిండకపోతే ఆ సంగతి అందరూ మరిచిపోతారు, ప్లాట్లు అప్పుడే పడతాయి. మిషన్ కాకతీయ 2015లో మొదలై కట్టలు, తూములు బాగుపడ్డాక నీళ్ళు మళ్ళీ పాత హద్దు దాకా వచ్చినచోట గొడవలు బయటపడ్డాయి. నిబంధన ప్రకారం 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువుకు నిండు నీటి హద్దు నుంచి 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. నక్షా మీద ఆ గీత గీసి చూపిస్తే పిల్లలకు బఫర్ అంటే ఏమిటో వేరే పాఠం అక్కర్లేదు.

ఇక ప్లాట్ల కాలం. ఏ ఏడు పడ్డాయో పట్టుకోవడానికి నాలుగు ఆనవాళ్ళున్నాయి. మొదటిది పహాణీల్లో బై నంబర్లు. 1955లో 112 అని ఒక్కటే ఉన్న నంబరు తర్వాత 112/అ, 112/ఆ అయి, ఒక దశలో అరడజను ముక్కలవుతుంది. అన్నదమ్ముల పంపకాలకు రెండో మూడో ముక్కలు చాలు. ఒక్కసారిగా పది ముక్కలైతే అమ్మకం జరిగినట్టు. రెండోది ఈసీ, అంటే ఒక భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో 1983 నుంచి దొరుకుతుంది. ఒక నంబరు మీద ఎకరాల్లో జరిగిన క్రయాలు ఆగి గజాల్లో మొదలైన ఏడే ప్లాట్లు పడిన ఏడు. మూడోది వ్యవసాయేతర మార్పిడి కాగితం, ఇప్పుడున్న చట్టం 2006ది. ఇదొక్కటే నమ్ముకోవద్దు: పాత పంచాయతీ లేఅవుట్లలో మార్పిడే జరగలేదు, 2020లో అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ దరఖాస్తులు తీసుకున్నప్పుడు వాటిలో చాలా ఒక్కసారి కాగితం మీదికి వచ్చాయి. మార్పిడి తేదీనే చూస్తే ఊరంతా 2020 తర్వాతే మారినట్టు కనిపిస్తుంది.

నాలుగోది గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు. మీ ప్రాంతానికి 2000ల తొలినాళ్ళ నుంచి స్పష్టమైనవి కొన్ని దొరుకుతాయి. మార్చి–మే చిత్రాలు తీసుకోండి. కొత్తగా మొరం పోసి చదును చేసిన రోడ్లు ఎండాకాలంలో తెల్లటి గళ్ళగళ్ళ గీతలుగా కనిపిస్తాయి. రెండు మూడు వానాకాలాలు గడిస్తే గడ్డి, తుమ్మ కమ్మి గీతలు మాయమవుతాయి. మధ్యలో ఒక చిత్రం వదిలేస్తే ఆ లేఅవుట్ అసలు పడనే లేదని పొరపడతారు.

గజాల లెక్కతో లేఅవుట్ వయసును కూడా అంచనా వేయొచ్చు. అనుమతి ఉన్న లేఅవుట్లో 30, 40 అడుగుల రోడ్లకు, పార్కు స్థలానికి పోను ఎకరంలో సుమారు 60 శాతం, అంటే 2,900 గజాలు మిగులుతాయి. 200 గజాల ప్లాట్లు పద్నాలుగు. పాత పంచాయతీ లేఅవుట్లలో రోడ్లు 20, 25 అడుగులే, పార్కు కాగితం మీదే, కాబట్టి అదే ఎకరంలో పదిహేడు, పద్దెనిమిది వస్తాయి. మీ కాలనీలో టేపు పట్టి రోడ్డు కొలిస్తే ఏ కాలానిదో మొదటి ఊహ వస్తుంది. నీళ్ళ ట్యాంకుకు జాగా లేదు, మోరీకి వాలు లేదు అనే ఫిర్యాదుల మూలం కూడా ఆ మూడు నాలుగు అదనపు ప్లాట్లే. 2008 ఆగస్టులో హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) ఏర్పడి అప్పటి నల్గొండ జిల్లా నుంచి బీబీనగర్, భువనగిరి, పోచంపల్లి, చౌటుప్పల్ మండలాలను కలుపుకుంది. లేఅవుట్‌ను ఆ తేదీకి ముందు, వెనక అని విడదీసి చూడండి.

భూదాన భూములను వేరే రంగుతో గుర్తించండి. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వినోబా భావేకు 100 ఎకరాలు ఇస్తానన్న చోటు మీకు పక్కనే. ఆ ఉద్యమంలో చుట్టుపక్కల ఊళ్ళలో కూడా భూములు ఇచ్చారు. అవి అమ్మకానికి కావు. అయినా కొన్నిచోట్ల ప్లాట్లు పడి వివాదంలో ఉన్నాయి. సర్వే నంబరు, విస్తీర్ణం రాయండి, ఇప్పటి పేర్లు రాయొద్దు.

పోయొచ్చే బతుకు ఎప్పుడు మొదలైందో జనాభా లెక్కల్లో చూడాలి. నల్గొండ జిల్లా జనగణన పుస్తకాల్లో 1961 నుంచి ఊరివారీగా సేద్యగాళ్ళు, వ్యవసాయ కూలీలు, ఇంటి పరిశ్రమ, ఇతర పనివారు అని గళ్ళు ఉంటాయి. కొన్ని దశాబ్దాల పుస్తకాల్లో ఇతర పనులు విడివిడి గళ్ళలో ఉంటాయి, వాటిని కలుపుకోండి. "ఇతర పనివారు" వాటా పెరిగిన దశాబ్దం పట్టుకోండి. ఇందులో మూడు గుంతలున్నాయి. పోచంపల్లి వైపు ఊళ్ళలో మగ్గాలవల్ల ఇంటి పరిశ్రమ గడి మొదటినుంచీ పెద్దది. దాన్ని సిటీ ప్రభావం అనుకుంటే పప్పులో కాలేసినట్టే. రెండు, పనికి ఎంతదూరం, దేనిమీద పోతున్నారు అనే 2011 పట్టిక జిల్లా స్థాయిలోనే ఉంది, ఊరికి లేదు. మూడు, 2021 లెక్కలు జరగనే లేదు. కొత్త కాలనీల అసలు పెరుగుదల 2011 తర్వాతిదే కాబట్టి పంచాయతీ ఇంటి పన్ను డిమాండ్ రిజిస్టరు, కరెంటు మీటర్ల సంఖ్య చూసుకోవాలి. తాళం వేసిన ఇల్లు కూడా మీటరు లెక్కలో పడుతుందని మరిచిపోవద్దు.

ఊరు అన్న మాటను మూడు ఆఫీసులు మూడు రకాలుగా వాడతాయి: రెవెన్యూ గ్రామం, గ్రామ పంచాయతీ, ఆవాసం. 2018 పంచాయతీరాజ్ చట్టంతో శివారు గూడేలు, తండాలు కొన్ని వేరే పంచాయతీలయ్యాయి. 2011 జనాభాను ఇప్పటి పంచాయతీతో పోలిస్తే ఊరు తగ్గినట్టు వస్తుంది. 1985కు ముందు కాగితాలు భువనగిరి తాలూకా పేరున, 2016 అక్టోబరు దాకా నల్గొండ జిల్లా పేరున, ఆ తర్వాత యాదాద్రి భువనగిరి జిల్లా పేరున ఉంటాయి. మీకు పడమర ఘట్‌కేసర్ మొదటినుంచీ వేరే జిల్లా. ఆ జిల్లా హద్దు దగ్గర భూమి ధర, బస్సు చార్జీ, లేఅవుట్ అనుమతి ఎట్లా మారేవో పాతవాళ్ళను అడగండి, బాగా చెబుతారు.

రవాణా అధ్యాయం పొట్టిగా చాలు. మెట్రో 2017 నవంబరులో నాగోల్ నుంచి మొదలై ఉప్పల్లో బస్సు దిగేవాళ్ళకు కలిసొచ్చింది. పోచారంలో ఐటీ క్యాంపస్ రావడంతో ఉద్యోగమే తూర్పుకు జరిగింది. బీబీనగర్ నిమ్స్ ఆసుపత్రి ఆవరణను ఎయిమ్స్‌కు ఇచ్చి 2019లో వైద్య విద్యార్థుల మొదటి బ్యాచ్ చేర్చుకున్నారు, కొత్త భవనాలకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. దీంతో అటునుంచి ఇటు పనికొచ్చేవాళ్ళూ మొదలయ్యారు, వాళ్ళను కూడా లెక్కలో పెట్టండి. ఎంఎంటీఎస్ (సిటీ లోకల్ రైలు) 2024 మార్చిలో ఘట్‌కేసర్ దాకా వచ్చింది. రాయగిరి దాకా పొడిగింపు మంజూరై ఏళ్ళయినా ప్లాట్ల ప్రకటనల్లోనే ముందు నడిచింది. పాత బ్రోచర్లు దొరికితే దాచండి, ఏ ఏడు ఏ ఆశ అమ్మారో వాటిల్లో ఉంటుంది.

పెద్దమనుషుల దగ్గరికి ఇప్పుడు పోండి, చేతిలో నక్షా పట్టుకొని. "అప్పట్లో ఊరు ఎట్లుండె?" అంటే పాత కథే వస్తుంది. "ఈ 112 నంబర్ల బావి ఎవరిది, ఎప్పుడు ఎండింది, దాని కింద చివరికి ఏం వేసిన్రు?" అని వేలుపెట్టి చూపిస్తే నోరు తెరుస్తారు. ఏడు గుర్తులేనివాళ్ళకు పటేల్ పట్వారీలు పోయిన 1984, మండలాలొచ్చిన 1985, 2000 ఆగస్టు వరద లాంటివి ఇచ్చి ముందా వెనకా అని అడగండి. ఆడవాళ్ళను వేరేగా అడగండి. నీళ్ళు మోసిన బావి, నాటు మానేసిన ఏడు వాళ్ళకే కచ్చితంగా గుర్తు. పొద్దటి బండికి పాలు వేసుకొని సిటీకి పోయినవాళ్ళను వెతకండి, ఉద్యోగస్తులకంటే ముందు ఈ దారిలో రోజూ పోయొచ్చింది వాళ్ళే. ఇద్దరు వేరువేరుగా చెప్పిన ఏడు, కాగితం చెప్పిన ఏడు రెండేళ్ళ తేడాలో కలిస్తే పట్టికలో సిరాతో రాయించండి, లేకుంటే పెన్సిలుతో ఉంచండి.

చివరిగా, అచ్చు వేసేముందు 1975 తర్వాతి యజమానుల పేర్లన్నీ తీసేయండి. ఊర్లో నడుస్తున్న భూమి కేసుల్లో మీ పుస్తకాన్ని సాక్ష్యంగా పట్టుకొచ్చేవాళ్ళు తప్పకుండా ఉంటారు, బడికి ఆ తలనొప్పి వద్దు. ముడి పట్టిక, పహాణీ నకళ్ళు మాత్రం ఒక జత బడి బీరువాలో, ఇంకో జత పంచాయతీ ఆఫీసులో పెట్టండి. నకలు మీద సంవత్సరం, సర్వే నంబరు, ఎక్కడ తీసుకున్నారో వెనక వైపు పెన్సిలుతో రాయించండి. కాగితం చిరగొచ్చు, పోవచ్చు కాబట్టి తెచ్చిన రోజే స్కాన్ చేయించాలి.